సగం పార

పోయిన నెల ఊరికి పోయేసరికి మా ఇంటి ముందు జీపు ఆగి ఉంది. ఏదో కాలేజీ నుంచి నలుగురు పిల్లలు, వాళ్ల వెంట ఒక మేడమ్, మా అమ్మ సాయమ్మ చెప్పేది రాసుకోవడానికి వచ్చారు. కరువు నేలలో పేదవాళ్ల బతుకులు ఎట్లా బాగుపడ్డాయన్నది వాళ్ల చదువట. అమ్మ నులక మంచం మీద కొంగు సర్దుకుని కూర్చుంది. పడావు పడ్డ చెలకను ఐదుగురు ఆడవాళ్లు ఎట్లా సాగులోకి తెచ్చారో, కట్ట పోసి వాన నీళ్లు ఎట్లా నిలిపారో, పెళ్లి ముచ్చట చెప్పినంత తీరుబడిగా చెప్పింది. ఒక పిల్ల చేతిలోని అట్ట మీద రెండు బొమ్మలు గీసి ఉన్నాయి. ఎడమ పక్క నెర్రెలిచ్చిన నేల, కుడి పక్క పచ్చని చేను, మధ్యన ఒక బాణం గుర్తు. అమ్మ ఎడమ మణికట్టు వంగడం లేదని ఆ పిల్లే గమనించి ఏమైందని అడిగింది. జారిపడ్డానని చెప్పింది అమ్మ. నాకు ఒళ్లు మండింది. ఆ బాణం గుర్తు ఉన్నచోట ఎంత నెత్తురు పోయిందో ఆ పిల్లలకు తెలియదు, తెలిసిన మనిషి చెప్పదు. జీపు పోయాక కూడా నా కోపం పోలేదు. అందులో సగం నా మీదే అని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

మా ఊరు గద్వాల దాటి, గట్టు అనే ఊరికి అవతల. ఇంకొంచెం పోతే కన్నడం మాట్లాడే ఊళ్లు వస్తాయి. ఎర్ర నేల, మొరం, మనిషి తలకాయంత రాళ్లు. దీపావళి పోయిందంటే సగం ఊరు మూటలు కట్టుకుని మట్టిపనికి బయలుదేరేది. బొంబాయి, పూనా, ఇంకా మాకు పేరు పలకడం రాని ఊళ్లు. ఎక్కడ కాలువ తవ్వినా, ఎక్కడ ఆనకట్ట లేచినా మావాళ్లు ఉండేవాళ్లు. వాళ్లను తోలుకుపోయే గుంపు మేస్త్రి మా నాయిన బుడ్డన్న. ఆయన మనుషులను మనుషులుగా లెక్కపెట్టేవాడు కాదు, పారలుగా లెక్కపెట్టేవాడు. ఒక పార అంటే ఒక జంట. మగవాడు తవ్వి ఎత్తాలి, ఆడది తట్ట మోయాలి. మొగుడు లేని ఆడది సగం పార, పెళ్లాం లేని మగాడు సగం పార. సగాలను కంట్రాక్టరు ఒప్పుకోడు కాబట్టి నాయిన రెండు సగాలను తెచ్చి ఒకటి చేసేవాడు. వదినను మరిదికి, అక్కను తమ్ముడికి, ఒక్కోసారి ఎదురుగా నిలబడి మాట్లాడకూడని అత్తను అల్లుడికి కూడా పని కోసం జోడు కట్టేవాడు. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు కూడా బుడ్డన్న అంత తొందరగా జోడీలు కలపలేరని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వులో నేను కూడా ఉండేదాన్ని, ఆ లెక్క నా మీదికి వచ్చేదాకా.

నాయిన వానలకు ముందు ఇల్లు చేరేవాడు. ఆయన వస్తే ఇంటి వాసనే మారేది. రేకు పెట్టె మూత తీస్తే బీడీ ఆకు, తడిసి ఆరిన గోనెసంచి, ఏదో దూరపు ఊరి సబ్బు, అన్నీ కలిసి గుప్పుమనేవి. నాకు ఎర్ర గాజులు తెచ్చేవాడు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, వేడినీళ్లు ముందు పెట్టుకుని, మడమల పగుళ్లను రాయితో రుద్దుకునేవాడు. ఆ మడమలంటే ఆయనకు మహా గర్వం. కొత్తగా పోసిన మట్టిని మడమతో ఒక్క పోటు పొడిచి ఎక్కడ గట్టిగా ఉందో ఎక్కడ బోలుగా ఉందో చెప్పగలడు. ఇంజనీర్లు పక్కన నిలబడి చూసేవాళ్లని ఆయనే చెప్పుకునేవాడు, అది నిజమే అయి ఉంటుంది. పొద్దు వాలాక కల్లు తాగి వచ్చి అమ్మను కొట్టేవాడు. పులుసులో ఉప్పు ఎక్కువైందని కొట్టేవాడు, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడిందని కొట్టేవాడు, ఏ కారణమూ దొరకకపోతే ఆ దొరకనందుకు కొట్టేవాడు. నడుముకున్న తోలు పట్టా మీదికి ఆయన చెయ్యి పోగానే, ఆయన తల్లి, మా అవ్వ, లేచిపోయి ఇసురురాయి దగ్గర కూర్చునేది. గుప్పెడు జొన్నలు పోసి తిప్పడం మొదలుపెట్టేది. ఆ గరగరలో దెబ్బల చప్పుడు వీధిలోకి వినబడేది కాదు. కొడుకు పరువు కాపాడాననుకునేదో, కోడలి పరువు కాపాడాననుకునేదో నాకు తెలియదు. మర్నాడు రొట్టెలు ఆ పిండితోనే. అవ్వను మనసులో తిట్టుకుంటూ ఆ రొట్టెలు తినేదాన్ని.

మా వాడలో ఐదు ఇళ్లకు సర్కారు ఎప్పుడో ఇచ్చిన చెలక గుట్ట వాలులో పడి ఉండేది. తుమ్మ చెట్లు, రాళ్లు, పాములు. దున్నవలసినవాళ్లంతా ఎక్కడో ఎవరిదో మట్టి మోస్తుంటే దాన్ని దున్నేది ఎవరు? ఒక సంస్థ తరఫున వచ్చిన సారు ఒకాయన ఆ ఐదు ఇళ్ల ఆడవాళ్లను కూర్చోబెట్టి, దేశమంతా కట్టలు పోసినవాళ్లు మీ చేనుకు ఒక కట్ట పోసుకోలేరా అని అడిగాడు. ఆ మాట అమ్మకు గుచ్చుకుంది. ఆ దీపావళికి ఐదుగురూ పనికి పోమన్నారు. వాళ్ల మొగుళ్లందరూ ఒక్క దెబ్బకు సగం పారలైపోయారు. నాయిన నాలుగు ఊళ్లు తిరిగి వితంతువులనూ వదిలేసిన ఆడవాళ్లనూ వెతికి గుంపు నింపుకున్నాడు. పోయే ముందు అమ్మ చెవికమ్మ పట్టుకుని గుంజితే చెవి తమ్మె తెగిపోయింది. అమ్మ ఆ చెవికి పసుపు అద్దుకుని, మర్నాడు గడ్డపార భుజాన వేసుకుని చెలకకు పోయింది.

ఎండాకాలమంతా కట్ట పోశారు. బడి నుంచి రాగానే నేను తట్ట ఎత్తుకునేదాన్ని. ఏరిన రాళ్లు కింద పరచడం, పైన మట్టి పోయడం, నీళ్లు చల్లి వరసగా నిలబడి కాళ్లతో తొక్కడం, మళ్లీ మట్టి. ఎండకు నడినెత్తి మాడేది గాని, వాళ్లు పాడుకుంటూ, ఒకరి మొగుణ్ని ఒకరు వెక్కిరించుకుంటూ చేశారు. వాళ్లకు చిన్న ఒడ్డు వేయడం తెలియదు. బతుకంతా పెద్ద కట్టలు పోసిన చేతులు కదా, మనిషి ఛాతీ ఎత్తున, బండి పోయేంత వెడల్పున, వాలుకు అడ్డంగా ఈ కొస నుంచి ఆ కొస దాకా లేపేశారు. నీళ్లు ఎక్కువైతే బయటికి పోవడానికి అలుగు మాత్రం పెట్టలేదు. మరిచిపోయారనడం తప్పు. పని మీద పోయినచోట అలుగు కట్టేది రాతిపని గుంపు. వాళ్ల మేస్త్రి వేరు, భాష వేరు. మట్టి గుంపు కట్ట పోసి మూట కట్టుకుని వచ్చేస్తుంది, ఆ తర్వాత అక్కడ ఏం కడతారో చూడదు. అందుకని మా ఆడవాళ్ల లెక్కలో కట్ట అంటే అంతవరకే.

రోహిణి ఎండల్లో నాయిన వచ్చాడు. వస్తూనే నా సంగతి తీశాడు. గుంపులో పెళ్లాం చచ్చిపోయిన ఒక మనిషి సగం పారగా మిగిలాడట, వాడికి తట్ట మోయడానికి నేను పోవాలట. నాకు పద్నాలుగు నిండాయి. అమ్మ నా ముందు వచ్చి నిలబడింది. ఆ పూట ఇసురురాయి చాలాసేపు తిరిగింది. పెదవి చిట్లి, కన్ను వాచి, గోడకు ఆనుకుని కూర్చున్నాక కూడా అమ్మ మాట మార్చలేదు. చివరికి ఆమే ఒక బేరం పెట్టింది.

"ఈ వానకు చెలకల పంట పండితే పిల్ల ఊసెత్తొద్దు. పండకుంటే తోల్కపో."

"పండకుంటే మల్ల ఏడ్వొద్దు," అన్నాడు నాయిన. మిగతా నలుగురు ఆడవాళ్లను పిలిపించి వాళ్ల ముందు ఆ మాట మళ్లీ అనిపించాడు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కట్ట చూడటానికి పోయాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాడు, పది అడుగులకు ఒకసారి ఆగి మడమతో పొడిచాడు. ఎక్కడా బోలు దొరకలేదు. నడిచేకొద్దీ ఆయన ముఖం ముడుచుకుపోయింది. కింది మూలకు చేరాం. అక్కడ కట్టకు దిగువన తిమ్మప్ప అనే రైతు పల్లి వేసే చేను. పక్క ఊరివాళ్లు, అన్నదమ్ములు నలుగురు, వాళ్లకూ వాన తప్ప వేరే దిక్కు లేదు. నాయిన అక్కడ నిలబడి ఎడమకు చూశాడు, కుడికి చూశాడు, కట్ట పొడుగునా ఏదో వెతికాడు. అది కనబడలేదు. అప్పుడు నవ్వాడు. ఏంది నాయినా అని అడిగాను. ఏం లేదన్నాడు, కట్ట మంచిగున్నదన్నాడు. తర్వాత నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "బొంబాయిల సముద్రం సూపిస్త నీకు," అన్నాడు.

నాకు అర్థమైంది. అలుగు పని ఆలస్యమై ఎక్కడో ఒక కట్ట తెగి, కింద వేసుకున్న గుడిసెలు కొట్టుకుపోయిన సంగతి ఆయనే రెండు మూడుసార్లు చెప్పి ఉన్నాడు. ఇంటికి పోయి అమ్మకు ఒక్క మాట చెబితే అయిపోయేది. వానలకు ఇంకా పదిహేను రోజులుంది, ఐదుగురి చేతుల్లోనూ పనితనం ఉంది. నేను చెప్పలేదు. నాకు సముద్రం చూడాలని ఉంది. రైలు ఎక్కాలని, ఎర్ర గాజులు అమ్మే అంగడి చూడాలని, ఇసురురాయి చప్పుడు లేని చోటికి పోవాలని ఉంది. అమ్మ ఒళ్లంతా వాచేట్టు తన్నులు తిని నన్ను ఆపుతుంటే, నేను లోపల్లోపల మూట కట్టుకుంటున్నాను. ఇంత సిగ్గులేని పని నా బతుకులో ఇంకోటి చేయలేదు.

మృగశిరలో మొదటి వానకు కట్ట వెనక మోకాలిలోతు నీళ్లు నిలిచాయి. ఐదుగురూ చీరలు ఎగ్గట్టి అందులో దిగి పిల్లల్లాగా నీళ్లు చల్లుకున్నారు. అమ్మ నవ్వితే చిట్లిన పెదవి మళ్లీ పగిలింది, అయినా నవ్వింది. పదిహేను రోజుల తర్వాత మూడు రోజులు ముసురు పట్టింది. మూడోనాడు మధ్యాహ్నం గుట్ట మీది నీళ్లన్నీ ఒక్కసారి దిగాయి. బయటికి పోయే దారి లేక నీళ్లు కట్ట నెత్తికెక్కి, కింది మూలలో కోసుకున్నాయి. ఆ చప్పుడు మా వాడ దాకా వినబడింది. పోయి చూసేసరికి, నాలుగు ఆకులు వేసిన తిమ్మప్ప పల్లి చేను లేదు. మేము ఏరి కట్ట కింద పరిచిన రాళ్లన్నీ ఆ చేను మీద పరుచుకుని ఉన్నాయి. పైమట్టి వాగు దాకా పోయింది.

తెల్లారి అన్నదమ్ములు నలుగురూ కట్టెలు పట్టుకుని వచ్చారు. అమ్మవాళ్లు తెగినచోట మట్టి వేస్తున్నారు. మా కడుపు కొట్టిన్రని తిమ్మప్ప, రాళ్లన్నీ మేమే ఏరి ఇస్తామని అమ్మ. రెండో మాట మూడో మాట లేదు. తిమ్మప్ప కట్టె ఎత్తాడు, అమ్మ ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. ఎండిన కంది కట్టె విరిగినట్టు చప్పుడైంది. ఒకామెను జుట్టు పట్టుకుని బురదలో ఈడ్చారు. ఇంకొకామెకు ముందు పళ్లు ఊడాయి. ఆడవాళ్లు కూడా ఊరుకోలేదు, తట్టలతో మొఖాల మీద కొట్టారు, ఒకామె ఒకడి చెయ్యి కరిచి కండ ఊడేదాకా వదల్లేదు. నేను రాయి తీసుకుని తిమ్మప్పకు గురిపెట్టి విసిరాను. అది ఆయనకు తగల్లేదు. ఆయన పక్కన, ఇంకా కట్టె ఎత్తని అందరికంటే చిన్నవాడు వీరేశ నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్లుంటాయి. రెండు చేతులతో కన్ను పట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారింది. అప్పుడు అందరూ ఆగారు. గుట్ట మీద రాయెక్కి కూర్చుని నాయిన బీడీ తాగుతున్నాడు, దిగి రాలేదు.

గద్వాల దవాఖానలో అమ్మ చేతికి కట్టు వేశారు. వీరేశ కన్ను పోయిందన్నారు. రెండు వైపులా నెత్తురు పోయింది కాబట్టి సరికి సరి అని పెద్దమనుషులు తేల్చారు, ఎవరూ ఠాణాకు పోలేదు. అమ్మ ఇంటికి వచ్చిన రోజే నాయిన అరుగు మీద మడమలు రుద్దుకుంటూ, దీపావళి అయినంక పిల్ల నాతోటి వస్తది, మాట మాటే అన్నాడు. అమ్మ వాచిన వేళ్లతో రొట్టె తుంచలేక తుంచుతోంది. అది చూసి నా నోరు తెరుచుకుంది. నాయిన కింది మూలలో అలుగు కోసం వెతికి, లేదని నవ్వాడని చెప్పాను. అప్పుడు తెలియలేదు, ఇప్పుడే తెలిసిందని ఒక అబద్ధం కూడా కలిపాను. అమ్మ రొట్టె తిని, నీళ్లు తాగి, చెయ్యి మెడకు కట్టుకునే లేచి బయటికి పోయింది. వెంటపోయాను. ఆమె నేరుగా పక్క ఊరికి, తన చెయ్యి విరిచినవాడి ఇంటికి పోయింది.

వాకిట్లో వీరేశ కంటికి గుడ్డ కట్టుకుని పడుకుని ఉన్నాడు. తిమ్మప్ప లేచి నిలబడ్డాడు.

"కట్ట తెగుతదని, నీ చేను పోతదని ముందే ఎరికైనోడు ఒకడున్నడు," అంది అమ్మ. "నా మొగుడే. వచ్చి అడుగు."

అన్నదమ్ములు పట్టపగలు వచ్చారు. నాయినను అరుగు మీది నుంచి జుట్టు పట్టి లాగారు. అవ్వ అలవాటు కొద్దీ ఇసురురాయి దగ్గరికి పోయి కూర్చుంది గాని, ఈ దెబ్బలు ఎవరి పరువు కోసం దాచాలో తెలియక రాయి పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. చెలక దాకా ఈడ్చుకుపోయారు. తన్నారు, బురదలో ముఖం రుద్దారు. ఊరంతా కట్ట మీద నిలబడి చూసింది. మధ్యలో ఒకసారి నాయిన విడిపించుకుని అమ్మ మీదికి దూకి ఆ కట్టు ఉన్న చేతినే పట్టుకుని మెలిపెట్టాడు. ఆ చెయ్యి మళ్లీ సరిగా అతకలేదు. ఈసారి అతన్ని అమ్మ మీది నుంచి లాగి పడేసింది తిమ్మప్పే. అమ్మ నొప్పికి నోట్లో కొంగు కుక్కుకుని, కాసేపటికి తీసి, ఒకే మాట అడిగింది.

"అలుగు యాడ పెట్టాలె?"

పొద్దు నడినెత్తి దాటాక నాయిన లేచి, కుంటుకుంటూ నడిచి, కట్ట కింది మూలకు ఇవతల గట్టి మొరం ఉన్నచోట మడమతో పొడిచాడు. ఎంత వెడల్పు, ఎంత లోతు, ఏ రాయి మీద ఏ రాయి, నీళ్లు తిమ్మప్ప చేను అంచున ఎట్లా తిప్పి వాగులో కలపాలి, అన్నీ చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. దెబ్బలకు కాదు, తన పని నలుగురిలో తన్నించుకుని చెప్పవలసి వచ్చినందుకు ఏడ్చాడని ఇప్పుడనిపిస్తుంది. ఆ రోజు నాకు జాలి కలగలేదు. ఇప్పుడు కలుగుతుంది, కొంచెం.

అలుగు రాళ్లు మోసినవాళ్లలో తిమ్మప్ప అన్నదమ్ములు కూడా ఉన్నారు. ఆలస్యంగా ఉలవలు చల్లితే పండాయి. బేరం అమ్మ గెలిచింది. అయినా నాయినను నమ్మక, నన్ను వనపర్తికి తీసుకుపోయి హాస్టల్లో పడేసింది. అక్కడ పురుగుల అన్నం తిని చదువుకుని టీచరునయ్యాను. ఆ ఐదు ఇళ్ల నుంచి మళ్లీ ఎవరూ మట్టిపనికి పోలేదు. నాయిన గుంపు ఏటేటా చిన్నదై, చివరికి ఆయనొక్కడే మిగిలాడు. పోయేదాకా అమ్మ చేతి అన్నమే తిన్నాడు. ఇప్పుడు చెలకలో కంది, జొన్న, గట్టు మీద సీతాఫలం చెట్లు. గద్వాల చుట్టుపక్కల పత్తి విత్తనాల చేలల్లోకి బీహారు నుంచి, ఒడిశా నుంచి కూలీలు వస్తున్నారు. మొన్న బస్టాండులో ఒక మేస్త్రి వాళ్లను వరసగా నిలబెట్టి లెక్కపెడుతుంటే ఆగి విన్నాను. ఏమని లెక్కపెడుతున్నాడో, ఆ భాష నాకు రాదు. మా వైపు నుంచి పోయేవాళ్లు కూడా ఇంకా పోతూనే ఉన్నారు, మా ఐదు ఇళ్లు తప్ప.

జీపు పోయిన మర్నాడు పొద్దున్నే అమ్మకు చెప్పేశాను. కట్ట తెగకముందే నాకు తెలుసని, సముద్రం చూడాలని నోరు మూసుకున్నానని. యాభై దాటిన నన్ను అమ్మ చెంప మీద కొట్టింది. నాయిన ఎన్నడూ నన్ను కొట్టలేదు, అమ్మ కూడా అదే మొదలు. తర్వాత మంచం మీద కూర్చుని, "నాకు చెప్తే ఏమొస్తది? పోయి వీరేశకు చెప్పు," అంది.

పోయాను. వీరేశ కొట్టం నీడలో చాట ముందు పెట్టుకుని పల్లికాయలు ఒలుస్తున్నాడు. ఉన్న కన్ను నా వైపు తిప్పి, కూసోమన్నాడు. నేను నిలబడే అంతా చెప్పాను. ఆయన ఒలుస్తూనే విన్నాడు.

"యాడికి పోదామనుకున్నవు?" అని అడిగాడు.

"బొంబాయి. సముద్రం సూద్దామని."

"బొంబాయి నేను పోయిన," అన్నాడు. "ఆ యేడు చేను పాయె, ఇంట్ల తిండి లేకపాయె. మీ నాయిన గుంపుల ఒక తట్ట తక్కువున్నదన్నరు. ఒంటికన్నోనికి పార ఇయ్యరు గద, ఆడోళ్ల వరసల నిలవెట్టిన్రు. సముద్రం దగ్గరనే అన్నరు. ఒక్కనాడు గూడ పోనియ్యలే." చాటలోని పొట్టును ఊది పక్కకు నెట్టాడు. "నీ తట్ట నేనే మోసిన, టీచరమ్మా."